ప్రతి పీరియడ్‌లో పిల్లల సొంత వాక్యం: అన్ని సబ్జెక్టుల్లో రాత నేర్పే పద్ధతి

చాలా బడుల్లో పిల్లల నోట్‌పుస్తకాలు నిండుగానే ఉంటాయి. ప్రశ్న, జవాబు, కింద గీత, పక్కన ఎర్ర టిక్కు. ఆ పేజీల్లో ఎక్కువ భాగం మాత్రం బోర్డు మీద నుంచో గైడులో నుంచో దిగినవే. మీ తరగతి సంగతి తెలుసుకోవాలంటే ఐదు నిమిషాలు చాలు. పుస్తకాలు మూయించి, తలా ఒక చిత్తుకాగితం ఇచ్చి, "నిన్నటి పాఠంలో నీకు అర్థమైనది ఒకటి, అర్థం కానిది ఒకటి, రెండు వాక్యాల్లో రాయి" అనండి. పెన్ను పట్టుకుని పక్కవాడి కాగితంకేసి చూసేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. మీ పని వాళ్లతోనే మొదలు.

రాత నేర్పడం తెలుగు మాస్టారి బాధ్యత అని మిగతా టీచర్లు వదిలేయడం వల్లే చాలా నష్టం జరుగుతోంది. పద్యానికి భావం చక్కగా రాసే పిల్లకి ప్రయోగం ఫలితం రాయడం దానంతటదే రాదు. సైన్సు వాక్యానికి కంటితో చూసిన ఆధారం కావాలి. లెక్కల వాక్యానికి ముందు మెట్టు కావాలి. సోషల్ వాక్యం "ఎవరు చెప్పారు?" అన్న ప్రశ్నకు నిలబడాలి. ఆ సబ్జెక్టు చెప్పే టీచరే ఆ వాక్యం నేర్పగలరు. అందుకు కొత్త పీరియడ్ అక్కర్లేదు. ఉన్న పీరియడ్‌లో ప్రతి పిల్లా ప్రతి రోజూ కనీసం ఒక్క సొంత వాక్యం రాసేలా చూస్తే, ఏడాది తిరిగేసరికి పేరాలు వాటంతటవే వస్తాయి.

ముందు మాట, తర్వాత రాత

నోటితో చెప్పలేని సంగతిని పిల్లలు రాయలేరు. రాయమనగానే తరగతి బిగుసుకుపోవడానికి మొదటి కారణం ఇదే. వారానికి ఒకసారి పూర్తి పీరియడ్ రాతకి కేటాయించగలిగితే, నలభై నిమిషాల్ని ఇలా పంచండి. ప్రశ్న బోర్డు మీద రాసి, దాని అర్థం పిల్లలతోనే చెప్పించడానికి ఐదు నిమిషాలు. జంటలుగా మాట్లాడుకోవడానికి ఎనిమిది. వాళ్ల నోటి నుంచి వచ్చిన మాటల్లో పనికొచ్చేవి ఆరేడు బోర్డు మీద పెట్టడానికి నాలుగు. నిశ్శబ్దంగా రాయడానికి పది. పక్కవాళ్లకి చదివి వినిపించడానికి ఆరు. సరిదిద్దుకోవడానికి ఏడు.

ఇందులో టీచర్లు ఎక్కువగా కోసేసేది చివరి రెండూ. వాటిని కోస్తే మిగిలేది మామూలు రాతపనే. తను రాసింది గట్టిగా చదివినప్పుడు, వాక్యం ఎక్కడ తెగిపోయిందో పిల్లల చెవికే తెలుస్తుంది. బోర్డు మీద పెట్టేవి విడి మాటలే అయి ఉండాలి. మీరు అక్కడ ఒక పూర్తి వాక్యం రాశారా, నలభై పుస్తకాల్లోనూ అదే వాక్యం కనిపిస్తుంది.

రాసే పది నిమిషాలూ గది తిరగకుండా మీరూ ఒక కుర్చీలో కూర్చుని అదే ప్రశ్నకు నాలుగు వాక్యాలు రాయండి. టీచరు కొట్టివేతలు, తిరగరాతలు చూసిన పిల్లలు తాము కొట్టివేయడానికి భయపడరు.

ఒకటి నుంచి అయిదు వరకు

ఒకటో తరగతిలో చేతిరాత వేరు, రచన వేరు అని ముందు మనం గుర్తుపెట్టుకోవాలి. అక్షరం గుండ్రంగా రావడానికి ఇసుక పళ్లెం, పలక, చుక్కలు కలపడం ఉన్నాయి. ఆకారం దగ్గరగా ఉన్నవి వరసగా నేర్పితే చెయ్యి త్వరగా తిరుగుతుంది: వ వచ్చాక మ, ప వచ్చాక ఫ, ష. ఇదంతా జరుగుతుండగానే, అక్షరాలన్నీ రాకముందే, రచన కూడా మొదలవ్వాలి. పిల్ల బొమ్మ గీస్తుంది. "ఇదేంటమ్మా?" అని అడిగి, తను చెప్పిన మాటని చెప్పినట్టే బొమ్మ కింద మీరు రాసి, తనతో వేలు పెట్టించి చదివించండి. "మా నాన్న పడవ" అని తను అంటే కాగితం మీద ఉండాల్సింది ఆ మూడు మాటలే. రెండు నెలల్లో ఒక మాట మీరు, ఒక మాట తను రాసే స్థితి వస్తుంది. రెండో తరగతి చివరికి బొమ్మ, బొమ్మలోని నాలుగు వస్తువులకు పేర్లు, కింద ఒక పూర్తి వాక్యం వస్తే చాలు.

ఈ వయసులో వత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. "అమ్మ"ను "అమ" అని రాసిన పిల్ల చేత పదిసార్లు రాయించడం కన్నా, రెండు మాటలూ పలికించి, ఎక్కడ ఊనిక పడుతోందో చేత్తో చప్పట్లు కొట్టించడం బాగా పనిచేస్తుంది. తప్పు చెవిలో ఉంది, చేతిలో లేదు.

ఇక్కడి, అంటే విశాఖ వైపు, పిల్లల ఇంటి భాష సంగతి కూడా చెప్పుకోవాలి. "బేగి రా" (త్వరగా రా), "ఏటి" (ఏమిటి), "తినీసేను" (తినేశాను) లాంటివి మొదటి చిత్తుప్రతిలో రానివ్వండి. వాటి కింద ఎర్ర గీత పెడితే పిల్లలు భాష మార్చుకోరు, రాయడం మానేస్తారు. సంభాషణ రాసేటప్పుడు అవి చివరిదాకా ఉండొచ్చు. పాఠానికి జవాబు రాసేటప్పుడు, రెండో ప్రతిలో, "పుస్తకంలో దీన్ని ఎలా అంటారు?" అని అడిగి మార్పించండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఉత్తరాంధ్రలోనే పుట్టారు. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పడానికి ఆ భాష నేర్చుకుని వాచకాలు తయారుచేసినవారు ఆయన. పాడేరు, అరకు వైపు మన్యం నుంచి నగరంలోని హాస్టళ్లకు వచ్చే పిల్లల్లో కొందరికి తెలుగే రెండో భాష. వాళ్లకి బొమ్మా పేరూ దశ మూడో తరగతిలో కూడా అవసరం పడవచ్చు. అది వెనకబడటం కింద లెక్కకట్టకండి.

మూడు నుంచి అయిదు తరగతులకు బాగా పనికొచ్చేది "ఎలా చెయ్యాలి" అనే రాత. నిమ్మరసం చెయ్యడం రాయించండి. సామాను బల్ల మీద పెట్టండి: ఒక నిమ్మకాయ, గ్లాసు నీళ్లు, పంచదార, ఉప్పు, చెంచా. ఒకరు రాసింది ఇంకొకరు చదవాలి, మూడోవారు అందులో ఉన్నది మాత్రమే చెయ్యాలి. "గ్లాసులో నిమ్మకాయ వెయ్యాలి" అని రాసి ఉంటే కాయ కాయగానే గ్లాసులో పడుతుంది. తరగతి అంతా నవ్వుతుంది, రాసినవాడు పరుగున వెళ్లి "సగానికి కోసి, గింజలు తీసి, పిండాలి" అని చేరుస్తాడు. "ఎంత పంచదార?" అన్న ప్రశ్న వచ్చాక రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు అన్న కొలతలు వస్తాయి. చదివేవాడికి ఏం తెలియదో ఊహించడం రచనలో అన్నిటికన్నా కష్టమైన పాఠం. దాన్ని ఎనిమిదేళ్ల పిల్లలు ఒక నిమ్మకాయతో నేర్చుకుంటారు.

ఒకే సముద్రం, నాలుగు తరగతులు

తరగతి పెరిగేకొద్దీ జవాబు పొడవు పెంచడమే ఎదుగుదల అనుకుంటాం. నిజానికి మారాల్సింది వాక్యం చేసే పని. బడి మొత్తం ఒకే విషయం తీసుకుని చూస్తే ఇది తేలిగ్గా కనిపిస్తుంది. విశాఖలో అందరికీ తెలిసిన విషయం సముద్రం.

రెండో తరగతి పిల్లలు మరపడవ బొమ్మ గీసి వల, తెడ్డు, జెండా, చేప అని పేర్లు పెడతారు. నాలుగో తరగతివాళ్లు ఎండుచేప ఎలా తయారవుతుందో వరసగా రాస్తారు: కడగడం, ఉప్పు పట్టించడం, ఎండలో పరచడం, తిరగెయ్యడం. ఏడో తరగతిలో కారణం వస్తుంది. పగలు గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకెందుకు వీస్తుంది? నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మూడు మెట్లూ "అందువల్ల", "దాంతో" లాంటి మాటలతో కలవాలి. ఒక మెట్టు జారినా కారణం తెగిపోతుంది. తొమ్మిదో తరగతికి వాదన. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఈ నిషేధం మత్స్యకార కుటుంబానికి ఏం చేస్తుంది, ముందు ముందు దొరికే చేపకు ఏం చేస్తుంది, రెండూ రాసి, తన అభిప్రాయం చెప్పి, ఎదుటి పక్షం వాళ్లు ఏమంటారో కూడా ఒక వాక్యంలో రాయాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉండే పిల్లలు ఈ రాతలో తరగతికే గురువులవుతారు. వాళ్లతో ముందుగా మాట్లాడించండి.

సైన్సు: ఒక మేకు, నాలుగు సీసాలు

విశాఖలో బీచ్ దగ్గరి ఇళ్ల గేట్లు, కిటికీ ఊచలు త్వరగా తుప్పు పడతాయని పిల్లలకు తెలుసు. ఎనిమిది నుంచి పది తరగతుల దాకా ఎక్కడైనా చేయించదగ్గ ప్రయోగం ఇది, రాత నేర్పడానికి ఇంతకన్నా మంచిది దొరకదు.

నాలుగు గాజు సీసాలు, నాలుగు ఇనప మేకులు తీసుకోండి. జింకు పూత ఉన్న మేకులు వద్దు, వాటికి తుప్పు అంత తొందరగా పట్టదు. గరుకు కాగితంతో నాలుగింటినీ రుద్దండి. మొదటి సీసాలో మేకు సగం మునిగేలా మామూలు నీళ్లు. రెండోదానిలో పది నిమిషాలు మరిగించిన నీళ్లు మేకు పూర్తిగా మునిగేలా పోసి, అవి చల్లారకముందే పైన మందంగా నూనె పొర. ఆలస్యం చేస్తే గాలి మళ్లీ నీళ్లలో కరుగుతుంది, ప్రయోగం చెడుతుంది. మూడోదానిలో తేమను పీల్చే అనార్ద్ర కాల్షియం క్లోరైడ్, బిగుతుగా మూత. నాలుగోదానిలో మేకు సగం మునిగేలా సముద్రపు నీళ్లు.

ఇక రాత. సీసాలు పెట్టిన రోజే, ఏమీ జరగకముందే, ఊహ రాయించండి: ఏ సీసాలో ముందు తుప్పు పడుతుంది, ఎందుకు? రెండు వాక్యాలు. దీనికి మార్కులు లేవని చెప్పండి, లేకపోతే గైడు తెరుస్తారు. తర్వాత వారం రోజులు రోజుకొక్క వాక్యం, కంటికి కనిపించింది మాత్రమే. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. "తుప్పు పట్టింది" అన్నది పరిశీలన కాదు, నిర్ణయం. "నాలుగో సీసాలో మేకు నీటి అంచు దగ్గర ఎర్రగోధుమ రంగు పొడి కనిపించింది" అన్నది పరిశీలన. ఈ తేడా తెలిస్తే సైన్సు రాతలో సగం వచ్చినట్టే.

వారం చివర ముగింపు పేరా. మొదటి ప్రతి సాధారణంగా ఇలా ఉంటుంది:

"తుప్పు అనేది నీరు వలన పడుతుంది. మరియు సముద్రపు నీటి యొక్క ఉప్పు వలన ఎక్కువ తుప్పు పట్టబడింది. కావున మేకు పాడైపోయింది."

దీన్ని ఎర్రపెన్నుతో తిరగరాయకండి. మూడు ప్రశ్నలు మాత్రం పక్కన రాయండి: ఏ సీసాను దేనితో పోల్చావు? రెండో సీసాలోనూ నీళ్లున్నాయి కదా? గాలి మాటేమిటి? రెండో ప్రతి ఇలా మారుతుంది:

"నాలుగో సీసాలోని మేకుకు మొదటి సీసాలోని మేకుకన్నా ఎక్కువ తుప్పు పట్టింది. రెండింటిలోనూ నీళ్లూ గాలీ ఉన్నాయి, నాలుగోదానిలో ఉప్పు ఎక్కువగా ఉంది. రెండో సీసాలో నీళ్లున్నా గాలి అందలేదు, అందుకే మేకు దాదాపు మునుపటిలాగే ఉంది. మూడోదానిలో గాలి ఉన్నా తేమ లేదు, అక్కడా తుప్పు లేదు. కాబట్టి తుప్పు పట్టడానికి నీళ్లూ గాలీ రెండూ కావాలి. ఉప్పు దాన్ని త్వరపెడుతుంది."

ఒక్క కొత్త సంగతీ టీచరు చెప్పలేదు. అంతా ఆ పిల్ల చూసిందే. ప్రశ్నలు దాన్ని బయటికి లాగాయి.

ఈ రెండు ప్రతుల మధ్య భాష కూడా మారింది గమనించండి. "యొక్క", "మరియు", "పట్టబడింది" పోయాయి. ఇవి తెలుగు వాక్యానికి అక్కర్లేని బరువు. ల్యాబ్ రికార్డుల్లో "ద్రావణం వేడి చేయబడినది" అని రాయించడం చాలాకాలంగా వస్తోంది. "ద్రావణాన్ని వేడి చేశాం" అంటే ఏ మార్కూ పోదు, పిల్లలు తాము చేసిన పనిని తాము చేసినట్టే రాయగలుగుతారు.

శాస్త్ర పదాల దగ్గర, మాటని విడదీసి చూపించండి. కిరణ, జన్య, సంయోగ, క్రియ: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. బాష్పం అంటే ఆవిరి, అందుకే బాష్పీభవనం. చాలామంది "భాష్పీభవనం" అని రాస్తారు. బాష్పం అన్న మాట విడిగా తెలిసిన పిల్లలు ఆ తప్పు చెయ్యరు.

లెక్కలు

లెక్కల్లో రాత ఏముంటుంది అని అడిగే టీచర్లకి ఒక చిన్న పని. ఆరో తరగతి బోర్డు మీద 2/3 + 1/4 = 3/7 అని రాసి, "ఇలా చేసిన స్నేహితుడికి ఇది తప్పని మూడు వాక్యాల్లో నచ్చజెప్పు. సరైన జవాబు చెప్పకూడదు" అనండి. మొదట అందరూ "కసాగు తీసుకోవాలి" అని రాస్తారు. అది సూత్రం, నచ్చజెప్పడం కాదు. కాసేపటికి ఎవరో ఒకరు ఇలా రాస్తారు: "2/3 సగం కన్నా ఎక్కువ. 3/7 సగం కన్నా తక్కువ. ఉన్నదానికి ఇంకా కలిపితే తగ్గదు కదా." భిన్నం అంటే ఏమిటో ఆ పిల్లకి తెలుసని ఆ మూడు వాక్యాలు చూపిస్తాయి. పది లెక్కలు చేయించినా మనకది కనిపించకపోవచ్చు.

రెండో పని, పిల్లల చేతే లెక్కలు తయారుచేయించడం. "ఒకతను జగదాంబ జంక్షన్ నుంచి గాజువాక బస్సులో వెళ్లాడు. అతని దగ్గర ఎంత మిగిలింది?" అని రాస్తారు. టికెట్టు ఎంతో లేదు, అతని దగ్గర ముందు ఎంతుందో లేదు. దాన్ని పక్క బెంచీకి ఇవ్వండి. చెయ్యలేక తిరిగొచ్చిన కాగితమే పాఠం చెబుతుంది.

ఒక అక్షరం జాగ్రత్త. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. వ్యాసంలో సగం వ్యాసార్ధం. "వ్యాసార్థం" అని రాస్తే దాని మాటే మారిపోతుంది. లెక్కల టీచరు కూడా ఈ వత్తు చూడాలి.

సోషల్

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఇప్పుడు బడుల్లో ఉన్న పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టలేదు, పుట్టినవాళ్లకీ గుర్తుండదు. ఇంట్లో పెద్దలకు మాత్రం గంట గంటా గుర్తుంది. చరిత్ర రాయడం నేర్పడానికి ఇది చేతిలో ఉన్న సామగ్రి.

ఏడో తరగతి పిల్లలకు అయిదు ప్రశ్నలు ఇచ్చి ఇంటికి పంపండి. ఆ రోజు మీరెక్కడున్నారు? మొదట ఏ చప్పుడు విన్నారు? కరెంటు, నీళ్లు ఎన్నాళ్లకు వచ్చాయి? ఆ రోజుల్లో ఏం వండుకున్నారు? మీ వీధిలో చెట్లు ఏమయ్యాయి? కనీసం ఇద్దరు పెద్దలను విడివిడిగా అడగాలి. నోట్‌పుస్తకంలో పేజీని మూడు నిలువు గడులు చెయ్యాలి: చూసింది, ఎవరో చెబితే విన్నది, అనుకున్నది. ఇద్దరి మాటలూ కలవవు. "అమ్మమ్మ పది రోజులు కరెంటు లేదంది, మామయ్య ఆరు రోజులన్నాడు." పిల్లలు ఇందులో ఒకటి కొట్టేసి రెండోది ఉంచుతారు. అలా చెయ్యనివ్వకండి. రెండూ రాసి, తేడా ఎందుకొచ్చి ఉంటుందో ఒక వాక్యం రాయమనండి. ఒకరు ఎండాడలో, ఒకరు కంచరపాలెంలో ఉండి ఉండొచ్చు. ఆ తుపానులో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉంటే ఆ పిల్లకి వేరే అంశం ముందే ఇచ్చెయ్యండి.

భూగోళంలో గైడు జవాబును తవ్వడం నేర్పాలి. "విశాఖలో ఓడరేవు ఎందుకు వచ్చింది?" అంటే "సహజ ఓడరేవు కాబట్టి" అని ఒక్క ముక్కలో రాస్తారు. సహజం అంటే ఏమిటని ఆగండి. మ్యాపు పరిచి, డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోటు వేలితో చూపించమనండి. అలలకు ఆ కొండ అడ్డు. లోపలి రేవు 1933లో తెరిచారు. లోపలి ప్రాంతాల మాంగనీసు ఖనిజానికి సముద్రం దాకా దారి కావాల్సి వచ్చింది. కొండ, ఖనిజం, రైలుమార్గం, ఈ మూడిటినీ కలిపి నాలుగు వాక్యాలు రాయగలిగితే "సహజ ఓడరేవు" అన్న మాట వాళ్లదవుతుంది.

తెలుగు, ఇంగ్లీషు

తెలుగు పీరియడ్‌లో వర్ణన రాయించేటప్పుడు ఒక నిషేధాల జాబితా పెట్టండి: అందమైన, అద్భుతమైన, ఆహ్లాదకరమైన, కనులపండువగా. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల గురించి ఈ మాటలు లేకుండా అయిదు వాక్యాలు. అప్పుడు గాని వాన కోసిన చాళ్లు, చెప్పులకు అంటిన ఎర్రదనం, సరుగుడు చెట్ల చప్పుడు కాగితం మీదికి రావు. వెళ్లి చూడని పిల్లలు ఉంటే తమ వీధి చివర చెరువు గట్టో, రైల్వే గేటో రాయనివ్వండి. చూడని చోటు గురించి రాయిస్తే గైడు వాక్యాలే వస్తాయి.

తెలుగులో ఇంకో తరచు దోషం, "లేచి, మొహం కడుక్కుని, టిఫిన్ తిని, బడికి వెళ్లి, పాఠం విని" అంటూ ఆగని వాక్యం. పిల్లలు దాన్ని ఊపిరి తీసుకోకుండా చదివేలా చెయ్యండి. ఎక్కడ ఊపిరి ఆగిందో అక్కడ చుక్క.

ఇంగ్లీషు మీడియం తరగతుల్లో సమస్య వేరు. సంగతి తెలుగులో తెలుసు, ఇంగ్లీషు వాక్యం రాదు, కాబట్టి బట్టీ. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి కదా, వాడుకోండి. చర్చ తెలుగులో జరగనివ్వండి. ముఖ్యమైన అయిదు మాటలకు ఇంగ్లీషు పేర్లు బోర్డు మీద పెట్టండి. బికాజ్, దేర్‌ఫోర్, ఇఫ్ లాంటి కలిపే మాటలు మూడు పక్కనే. ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలు మాత్రం అడగండి. ఆ మూడిటిలో స్పెల్లింగ్ తప్పులు ఉంటాయి. సంగతి సరిగ్గా ఉంటే మొదటిసారికి వాటిని వదిలెయ్యండి.

దిద్దుబాటు: అసలు కష్టం ఇక్కడే

నలభై పుస్తకాలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు. రెండు గంటలు. ఏ టీచరూ రోజూ ఇది చెయ్యలేరు, చెయ్యనూ అక్కర్లేదు. రోజుకు పది పుస్తకాలు దిద్దితే అరగంట. నాలుగు రోజుల్లో తరగతి మొత్తం ఒకసారి తిరుగుతుంది. మిగతా ముప్ఫైమందీ ఆ రోజు పక్కవాళ్లకి చదివి వినిపించి, వాళ్ల చేత ఒక ప్రశ్న రాయించుకుంటారు.

ప్రతి రాతకీ ముందే ఒకే ఒక్క విషయం నిర్ణయించుకోండి. ఈ వారం "కారణం చెప్పాడా లేదా", వచ్చే వారం "వాక్యం పూర్తయిందా". మిగతా తప్పులు కనిపించినా పెన్ను ఆపండి. పేజీ అంతా ఎర్రగా ఉంటే పిల్లలు మార్కు చూసి పుస్తకం మూసేస్తారు.

బడి మొత్తానికి ఒకే గుర్తులు ఉంటే చాలా మేలు. అంచులో "అ" అంటే అక్షరదోషం, "వా" అంటే వాక్యం పూర్తి కాలేదు, "కా" అంటే కారణం ఏది, "ఆ" అంటే ఆధారం ఏది, "సొ" అంటే సొంత మాటల్లో చెప్పు. తప్పు ఎక్కడుందో చూపించకుండా ఆ పంక్తికి ఎదురుగా గుర్తు మాత్రం పెట్టండి, వెతుక్కోవడం పిల్లల పని. సైన్సులో "ఆ" చూసిన పిల్ల సోషల్లోనూ అదే "ఆ" చూస్తే, ఆధారం అడగడం ఒక్క సబ్జెక్టు పట్టుదల కాదని గ్రహిస్తుంది. హెచ్ఎం గారు స్టాఫ్ మీటింగులో ఒక్క పావుగంట ఇస్తే ఈ పట్టిక తయారవుతుంది.

పరీక్ష జవాబులు

తొమ్మిది, పది తరగతుల్లో మార్కులు ఎక్కువగా పోయేది ప్రశ్నలోని క్రియ చదవకపోవడం వల్ల. "పేర్కొనండి" అంటే పేర్లు చాలు. "పోల్చండి" అంటే రెండింటి గురించి రెండు విడి పేరాలు రాస్తే చాలదు, ఒకే అంశం మీద రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. "సమర్థించండి" అంటే అభిప్రాయం, దానికి రెండు ఆధారాలు. "వివరించండి" అన్న మాటే సబ్జెక్టును బట్టి మారుతుంది: సైన్సులో ఎలా జరుగుతుందో మెట్లు, సోషల్లో కారణాలూ ఫలితాలూ, తెలుగులో కవి మాట వెనక భావం. ఒకే రోజు మూడు పీరియడ్లలో ముగ్గురు టీచర్లు ఈ ఒక్క మాట మీద పది నిమిషాలు గడిపితే పిల్లలకు తేడా గట్టిగా నాటుకుంటుంది.

గైడు వాడొద్దని చెప్పి లాభం లేదు. గైడు జవాబునే తరగతిలోకి తెచ్చి, అందులో ఆధారం లేని వాక్యం ఒకటి, తీసేసినా నష్టం లేని వాక్యం ఒకటి పట్టుకోమనండి. దిద్దడం వచ్చిన పిల్లలు ఎత్తిరాయరు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ప్రతి పిల్ల చేతా ఒక పేజీ రాయించి, తేదీ వేసి, దిద్దకుండా ఒక ఫైలులో పెట్టండి. ఆ తర్వాత నెలకొకటి చొప్పున, ఏదో ఒక సబ్జెక్టు నుంచి, మొదటి ప్రతి, చివరి ప్రతి రెండూ కలిపి గుచ్చి అందులో చేర్చండి. తల్లిదండ్రుల సమావేశం రోజు మార్కుల కార్డు ముందు ఈ ఫైలు ఇవ్వండి. చదవడం రాని తల్లి ఉంటే, పిల్ల చేతే జూన్ పేజీ, తాజా పేజీ గట్టిగా చదివించండి.